మొబైల్ బ్యాటరీల నల్లపొడి నుంచి కోబాల్ట్: అయానిక్ ద్రవాన్ని ఎక్కడ వాడాం, ఎక్కడ వదిలేశాం

నేపథ్యం

ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం శివారున నడిచే చిన్న రీసైక్లింగ్ యూనిట్ ఇది. పేరు, ఊరు, భాగస్వాముల సంగతులు ఇవ్వడం లేదు. పరిమాణాలు కొన్ని గుండ్రం చేశాం. సెల్‌ఫోన్ రిపేరు షాపుల నుంచి, పాత ల్యాప్‌టాప్‌లు కొనే స్క్రాప్ వాళ్ల నుంచి ఉబ్బిపోయిన లిథియం అయాన్ బ్యాటరీలు కొంటారు. ఉప్పు నీళ్లలో నానబెట్టి ఛార్జి దించి, ముక్కలు చేసి, జల్లెడ పడతారు. రాగి, అల్యూమినియం రేకులు పైన ఆగుతాయి, నల్లటి పొడి కిందికి దిగుతుంది. ఈ పనిలో అందరూ దీన్ని బ్లాక్ మాస్ అనే పిలుస్తారు. అందులో ఎక్కువ భాగం లిథియం కోబాల్ట్ ఆక్సైడ్, గ్రాఫైట్. శుద్ధ లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ బరువులో 60 శాతం కోబాల్టే కాబట్టి, గ్రాఫైట్ కలిసి పలచబడినా బ్లాక్ మాస్ విలువంతా కోబాల్ట్ మీదే ఆధారపడి ఉంటుంది. ల్యాప్‌టాప్ సెల్స్ నుంచి కొంత నికెల్, మాంగనీస్ కూడా వస్తాయి.

వాళ్ల పాత పద్ధతి మామూలుదే. 2 మోలార్ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దికొద్దిగా పోస్తూ 70 డిగ్రీల దగ్గర కరిగించడం, గ్రాఫైట్ వడకట్టడం, పీహెచ్ 5 దగ్గర ఇనుము, అల్యూమినియంని ఘన పదార్థంగా అడుగుకు దించేయడం, చివర సున్నం వేసి కోబాల్ట్, నికెల్ కలిసిన హైడ్రాక్సైడ్ కేక్ తీయడం. ఆ కేక్‌నే అమ్మేవాళ్లు. కొనేవాడు కోబాల్ట్‌కి మాత్రమే లెక్క కట్టి, నికెల్ ఉందని ధర తగ్గించేవాడు. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాలు వచ్చాక ఏ లోహం ఎంత తీశారో కాగితం మీద చూపాల్సిన అవసరం కూడా తోడైంది.

యూనిట్ అడిగింది

కోబాల్ట్, నికెల్ విడదీయడం అసలు అవసరం. కానీ సలహా ఇచ్చే మా దగ్గరికి ప్రశ్న అలా రాలేదు. "గ్రీన్ సాల్వెంట్ అంటున్నరు సార్. యాసిడ్ లేకుంట మొత్తం అండ్లనే కరుగుతదంట. బోర్డు వాళ్లతోని తిప్పలు తప్పుతయ్," అని వచ్చింది. బోర్డు అంటే కాలుష్య నియంత్రణ మండలి. అంటే యాసిడ్ లీచింగ్ (యాసిడ్‌లో లోహాలను కరిగించడం) తీసేసి దాని బదులు అయానిక్ ద్రవం పెట్టాలని వాళ్ల ఆలోచన.

100 డిగ్రీల లోపే కరిగి ద్రవంగా ఉండే లవణాలను అయానిక్ ద్రవాలంటారు. వీటిలో చాలావాటికి ఆవిరి పీడనం దాదాపు ఉండదు, అందుకే 'గ్రీన్' అన్న పేరు వచ్చింది. వీటికి చవకైన బంధువులు డీప్ యూటెక్టిక్ ద్రావణాలు. కోలిన్ క్లోరైడ్‌ని యూరియాతోనో, ఇథిలీన్ గ్లైకాల్‌తోనో కలిపితే గది వేడిలోనే ద్రవమవుతాయి. 2003లో లెస్టర్ విశ్వవిద్యాలయం బృందం కోలిన్ క్లోరైడ్, యూరియా జంటను వెలుగులోకి తెచ్చాక ఈ దారి బాగా పెరిగింది. 2019లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం నుంచి కోలిన్ క్లోరైడ్, ఇథిలీన్ గ్లైకాల్ మిశ్రమంతో లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ని కరిగించిన ఫలితం వచ్చింది. యూనిట్ వాళ్ల చెవిన పడింది అదే.

ముందే కాదనకుండా చేసి చూద్దామన్నాం, రెండు కారణాలతో. ఒకటి, ముడిసరుకు చవక. రెండు, అది ఎందుకు కుదరదో వాళ్ల షెడ్డులోనే తేలితే ఆ తర్వాత తీసుకునే నిర్ణయానికి అడ్డు ఉండదు.

కోలిన్ క్లోరైడ్‌తో

మొదటి చిక్కు రసాయనంలో లేదు, కొనుగోలులో ఉంది. మన వైపు కోళ్ల దాణా వ్యాపారం పెద్దది కాబట్టి కోలిన్ క్లోరైడ్ దొరకడం కష్టం కాదు. యూనిట్ వాళ్లు దాణా షాపు నుంచి 60 శాతం పొడి సంచి తెచ్చారు. ఆ మిగిలిన 40 శాతం ఏమిటో సంచి మీదే రాసి ఉంటుంది: మొక్కజొన్న కంకి పొడి లాంటి వాహకం. మోలార్ నిష్పత్తి 1:2 కావాలంటే 139.6 గ్రాముల కోలిన్ క్లోరైడ్‌కి 124 గ్రాముల గ్లైకాల్ పడుతుంది. 139.6 గ్రాముల దాణా పొడి వేస్తే అందులో అసలు సరుకు 84 గ్రాములే, అంటే నిష్పత్తి 1:3.3 అవుతుంది. పైగా కంకి పొడి గ్లైకాల్‌లో ఉబ్బి ఫిల్టర్ గుడ్డను మూసేస్తుంది. దాణాకే అమ్మే 75 శాతం ద్రావణంలో వాహకం ఉండదు గానీ మిగిలిన పాతిక శాతం నీళ్లు. వేడి చేసి ఆ నీటిని తోలాలి, లేదా లెక్కలో కలుపుకోవాలి. ప్రయోగానికి ప్యూర్ గ్రేడ్ తెప్పించి, 80 డిగ్రీల దగ్గర స్పష్టమైన ద్రవం అయ్యేదాకా కలిపి వాడాం. కోలిన్ క్లోరైడ్ గాలిలో తేమను ఇట్టే పీలుస్తుంది. వానాకాలంలో డబ్బా మూత తీసి ఉంచితే తూకం నమ్మడానికి ఉండదు.

120 డిగ్రీల దగ్గర బ్లాక్ మాస్ దాదాపు అలాగే ఉండిపోయింది. 180 డిగ్రీలకు తీసుకెళితే గంటలు గడిచేకొద్దీ ద్రవం నీలి ఆకుపచ్చకి తిరిగింది. కోబాల్ట్ కరుగుతోందన్నమాట. దాంతోపాటే చేపల కుళ్లు వాసన మొదలైంది.

ఆ వాసన ట్రైమిథైల్ అమీన్‌ది, కోలిన్ విరిగిపోతోందనడానికి గుర్తు. ఇది ఎక్కడో తేడా జరిగి వచ్చిన ఫలితం కాదు, ఈ మార్గంలో ఉన్నదే అంత. బ్యాటరీ ఆక్సైడ్‌లో కోబాల్ట్ మూడో ఆక్సీకరణ స్థితిలో ఉంటుంది. కరగాలంటే రెండో స్థితికి దిగాలి, అంటే ప్రతి కోబాల్ట్ పరమాణువుకీ ఒక ఎలక్ట్రాన్ ఎవరో ఒకరు ఇవ్వాలి. పాత పద్ధతిలో పెరాక్సైడ్ ఇచ్చేది. ఇక్కడ పెరాక్సైడ్ లేదు కాబట్టి ఆ ఎలక్ట్రాన్ సాల్వెంట్ నుంచే రావాలి. మళ్లీ మళ్లీ వాడుకోవచ్చని కొన్న ద్రవం ప్రతి బ్యాచ్‌లో రసాయనికంగా ఖర్చయిపోతుంది. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2022లో ఇదే మిశ్రమాన్ని ఇదే వేడిలో పరీక్షించి ట్రైమిథైల్ అమీన్, 2-క్లోరోఇథనాల్ పుడుతున్నాయని చూపించారు. రెండోది తీవ్రమైన విషం. మూత సరిగా లేని పాత్రలు, పక్కనే భోజనం చేసే పనివాళ్లు ఉన్న షెడ్డులో ఈ వేడి మాట మళ్లీ ఎత్తకూడదని అక్కడే ఆపాం.

కోలిన్ క్లోరైడ్, సిట్రిక్ యాసిడ్ జంట కూడా చూశాం. 40 డిగ్రీలకే కరిగిస్తుంది, బ్లాక్ మాస్‌లో మిగిలిన రాగి, అల్యూమినియం రేకు ముక్కలే ఎలక్ట్రాన్ ఇస్తాయి. ఆలోచన చక్కనిదే. కానీ జిగట ఎక్కువ, మూడో వంతు నీళ్లు కలిపితే గానీ కదలదు. కరిగిన రాగి కోబాల్ట్‌తో పాటే వచ్చి కూర్చుంటుంది.

కేక్ తడి లెక్క

దారి మార్చింది మాత్రం వాసనో, జిగటో కాదు. కేక్ తడి.

కిలో బ్లాక్ మాస్‌కి 20 కిలోల సాల్వెంట్ పెట్టామనుకుందాం. కరగని గ్రాఫైట్ 400 గ్రాములు. ఫిల్టర్ మీద ఆగిన మెత్తటి గ్రాఫైట్ కేక్‌లో సగం బరువు ద్రవమే ఉంటుంది, అంటే ఇంకో 400 గ్రాములు. 20 కిలోల్లో అది 2 శాతం. వినడానికి చిన్నదే. పైనుంచి కొత్తది పోయకుండా 30 బ్యాచ్‌లు నడిపితే మిగిలేది దాదాపు 55 శాతం. కేక్‌ని నీళ్లతో కడిగి సాల్వెంట్ తిరిగి రాబట్టవచ్చు, కానీ అప్పుడు ఆ నీళ్లను ఆవిరి చేయాలి. సాల్వెంట్‌కి ఆవిరి పీడనం లేదన్నది నిజమే అయినా దాన్ని నీటి నుంచి విడదీసే కరెంటు బిల్లు యూనిట్‌దే. ఇమిడజోలియం రకం ఖరీదైన అయానిక్ ద్రవాలకు ఈ లెక్క వేస్తే మాట్లాడుకోవాల్సిన పని కూడా లేదు.

అదే అయానిక్ ద్రవం ఘన పదార్థాన్ని ముట్టుకోకుండా, నీటిలో కలవకుండా, వడకట్టిన ద్రావణంతో మాత్రమే కలిసి విడిపోయేదైతే? లీటరు నీటి ద్రావణంలో తుంపర్లుగా 100 మిల్లీగ్రాములు పోయినా 880 గ్రాముల ద్రవంలో అది 0.011 శాతం. రెండు వందల రెట్లకు దగ్గరగా తేడా.

అందుకని యాసిడ్, పెరాక్సైడ్ లీచింగ్‌ని అలాగే ఉంచేద్దామని, అయానిక్ ద్రవాన్ని కోబాల్ట్, నికెల్ విడదీసే చోటికి మార్చుదామని చెప్పాం. యాసిడ్ పోదని తెలిసి యజమాని ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఆయనకు కావలసిన ధర వచ్చేది మాత్రం ఈ రెండో చోటే.

ఏ ద్రవం, ఎందుకు

ఎంచుకున్నది మిథైల్ ట్రైఆక్టైల్ అమ్మోనియం క్లోరైడ్. మార్కెట్లో అలిక్వాట్ 336 పేరుతో దొరుకుతుంది. ట్రైహెక్సైల్ టెట్రాడెసైల్ ఫాస్ఫోనియం క్లోరైడ్ కూడా ఈ పని బాగా చేస్తుంది, ప్రచురిత ఫలితాలు దాని మీద మంచివి ఉన్నాయి. కానీ తెప్పించుకోవడం కష్టం, ధర ఎక్కువ. అలిక్వాట్‌ని మందుల కంపెనీలు ఫేజ్ ట్రాన్స్‌ఫర్ క్యాటలిస్ట్‌గా (ఒక రకం ఉత్ప్రేరకంగా) వాడతాయి కాబట్టి హైదరాబాద్ కెమికల్ డీలర్ల దగ్గర డ్రమ్ము లెక్కన దొరుకుతుంది. చిన్న యూనిట్‌కి రెండో డ్రమ్ము ఎక్కడ దొరుకుతుందన్నదే ముఖ్యం.

పని చేసే తీరు ఇది. క్లోరైడ్ బాగా ఎక్కువగా ఉన్న నీటిలో కోబాల్ట్ నాలుగు క్లోరైడ్‌లను పట్టుకుని రుణావేశం ఉన్న టెట్రాక్లోరోకోబాల్టేట్ అవుతుంది. నికెల్ ఆ పని చేయదు. రుణావేశం వచ్చిన కోబాల్ట్ అయానిక్ ద్రవంలోకి ఎక్కుతుంది, నికెల్, లిథియం నీటిలోనే ఉండిపోతాయి. తర్వాత క్లోరైడ్ లేని నీటితో కలిపితే కోబాల్ట్ మళ్లీ కిందికి దిగుతుంది. కోబాల్ట్‌ని దించడానికి బలమైన యాసిడ్ గానీ, క్షారం గానీ అక్కర్లేదు.

క్లోరైడ్ ఎక్కడి నుంచి? 8 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో చేయవచ్చు, కానీ ఆ పొగలు ఈ షెడ్డులో వద్దు. పైగా యాసిడ్ అంతకంటే గాఢమైతే అదే అయానిక్ ద్రవంలోకి పోటీగా ఎక్కి కోబాల్ట్‌కి చోటు తగ్గిస్తుంది. సోడియం క్లోరైడ్ చవకే గానీ తగినంత కరగదు. కాల్షియం క్లోరైడ్ 4 మోలార్ తీసుకుంటే, అంటే లీటరుకు 444 గ్రాములు, క్లోరైడ్ 8 మోలార్ అవుతుంది. ఇంకో సౌకర్యం కూడా ఉంది. మిగిలిన నికెల్‌ని శుభ్రమైన సున్నంతో దించితే పుట్టేది కాల్షియం క్లోరైడే, ఉప్పునీరు తిరిగి వాడకానికి వస్తుంది. గాఢత చూడటానికి హైడ్రోమీటర్ చాలు. లోహాలు తీసేసిన ఉప్పునీటి సాంద్రత 1.32 దగ్గర ఉండాలి, తగ్గితే మరిగించాలి.

కిరోసిన్‌లో పలచన చేయాలా అన్నది తర్వాతి ప్రశ్న. చేస్తే జిగట పోతుంది గానీ కింద నీరు, పైన ద్రవం కాక మూడో పొర ఏర్పడకుండా డెకనాల్ లాంటిది కలపాలి, షెడ్డులో వందల లీటర్ల మండే ద్రవం చేరుతుంది. ఆ స్థాయిలో అది మామూలు సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షనే (నీటిలోని లోహాన్ని నీటిలో కలవని ద్రవంలోకి లాగడం), అయానిక్ ద్రవమన్న పేరెందుకు? పలచన చేయకుండా 60 డిగ్రీల వేడిలో నడపాలని నిర్ణయించాం.

నడిపిన విధానం

హైడ్రాక్సైడ్ కేక్ దగ్గర రెండు మార్పులు అవసరమయ్యాయి. యూనిట్ వాళ్లు సల్ఫేట్ ద్రావణంలో సున్నం వేసేవాళ్లు, అందువల్ల కేక్ నిండా జిప్సమ్ (కాల్షియం సల్ఫేట్). అది ఉప్పునీటి నుంచి తెల్లటి ముద్దగా బయటపడి రెండు పొరల మధ్య చేరుతుంది, ఖరీదైన ద్రవాన్ని తనలో ఇముడ్చుకుంటుంది. ఈ దశలో సున్నం మాని కాస్టిక్ సోడా వేయించాం. కడిగిన నీటిలో బేరియం క్లోరైడ్ చుక్క వేస్తే తెలుపు (సల్ఫేట్ మిగిలిందనడానికి గుర్తు) రాకుండా పోయేదాకా కేక్ కడగాలి. లిథియం ఆ నీళ్లలోనే పోతుంది, వాటిని విడిగా దాచాలి.

మాంగనీస్‌ని కూడా సల్ఫేట్ ద్రావణంలోనే తీసేయాలి. అది కోబాల్ట్ వెంట కొంత అయానిక్ ద్రవంలోకి వస్తుంది. పొటాషియం పర్మాంగనేట్ వేస్తే మాంగనీస్ డయాక్సైడ్‌గా దిగుతుంది. గ్రాము మాంగనీస్‌కి లెక్క ప్రకారం 1.92 గ్రాములు. క్లోరైడ్ ద్రావణంలో ఇదే పని చేస్తే క్లోరిన్ వస్తుంది, అందుకే ముందే చేయాలి. ఇక్కడ కంటిని నమ్మకూడదు. పర్మాంగనేట్ మిగిలితే గులాబీ రంగు కనిపిస్తుందని పుస్తకాల్లో ఉంటుంది, కానీ కోబాల్ట్ ద్రావణమే గులాబీ. ద్రావణం ఆక్సీకరణ శక్తిని మిల్లీవోల్టుల్లో చూపే రెడాక్స్ ఎలక్ట్రోడ్ పెట్టి, మిల్లీవోల్టులు ఒక్కసారిగా ఎగబాకిన చోట ఆపాలి.

తర్వాత కేక్‌ని తడిగా ఉండగానే పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కరిగించాలి. ఎండబెట్టి దాచిన కేక్ గాలికి ఆక్సీకరణం చెంది ముదురు గోధుమ రంగుకి వస్తుంది, యాసిడ్ పడగానే క్లోరిన్ వాసన వేస్తుంది. అలాంటిదే గతి అయితే పీహెచ్ 2 దగ్గర పెరాక్సైడ్ కొద్దికొద్దిగా వేసి, నలుపు పోయాకే కాల్షియం క్లోరైడ్ కలపాలి. రాత్రంతా వేడిగా ఉంచి, పొద్దున వడకట్టాలి. మిగిలిన జిప్సమ్ ఏమైనా ఉంటే అక్కడ దిగిపోతుంది.

ఒక బ్యాచ్‌కి 20 లీటర్ల ద్రావణం, లీటరుకు 15 గ్రాముల కోబాల్ట్, 20 లీటర్ల అయానిక్ ద్రవం. అడుగు గరాటులా ఉన్న 50 లీటర్ల పాలీప్రొపిలీన్ పాత్రను వేడినీళ్ల తొట్టిలో నిలబెట్టారు. అయానిక్ ద్రవాన్ని ముందు లోహం లేని ఉప్పునీటితో ఒకసారి కలిపి, తేమ పట్టించాలి. పొడి ద్రవం కంటే తేమ పట్టిన ద్రవం జిగట బాగా తక్కువ. పది నిమిషాలు నెమ్మదిగా కలపడం, అరగంట నిలబెట్టడం. మిక్సీ తిప్పినట్టు వేగంగా తిప్పితే వెన్నలా కట్టుకుపోయి పూటంతా విడిపోదు.

సరిగా జరిగితే కళ్లకే తెలుస్తుంది. పైన ముదురు నీలం, ఇంకు సీసాలో ఉన్నట్టు. కింద నికెల్ లేత ఆకుపచ్చ. కింది నీటికి ఇంకా నీలి ఛాయ ఉంటే కోబాల్ట్ మిగిలిందని, దాన్ని రెండోసారి తాజా అయానిక్ ద్రవంతో కలపాలి. దించేటప్పుడు 10 లీటర్ల చొప్పున రెండుసార్లు, 0.05 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపిన ఆర్‌ఓ నీళ్లు వాడాం. వట్టి నీళ్లకు ఎమల్షన్ (విడిపోని వెన్నలాంటి మిశ్రమం) ఎక్కువ కడుతుంది. నీలం పోయి కింద గులాబీ దిగుతుంది. రెండో కడుగు నీటిని తర్వాతి బ్యాచ్‌కి మొదటి కడుగుగా వాడితే కోబాల్ట్ గాఢత పెరుగుతుంది.

ఆ గులాబీ నీటిలో ఆక్సాలిక్ యాసిడ్ వేసి కోబాల్ట్ ఆక్సలేట్‌గా దించడం చివరి మెట్టు.

చెడింది ఎక్కడ

మొదటిది, సరుకు కొన్నవాడి నుంచి వచ్చిన ఫిర్యాదు: ఆక్సలేట్‌లో కాల్షియం, కొద్దిగా నికెల్. నికెల్ ఉందనగానే అయానిక్ ద్రవం కోబాల్ట్‌ని మాత్రమే ఏరి పట్టుకోవడం లేదని యూనిట్ వాళ్లు అనుకున్నారు. దించిన నీటిని పరీక్షిస్తే నికెల్ లీటరుకు 60 మిల్లీగ్రాములు, కాల్షియం 1.6 గ్రాములు. అసలు ఉప్పునీటిలో నికెల్ 6 గ్రాములు, కాల్షియం 160 గ్రాములు. రెండూ సరిగ్గా నూరో వంతే. రసాయనికంగా ఎక్కి ఉంటే రెండు లోహాలూ ఒకే నిష్పత్తిలో ఎక్కవు. ఉప్పునీరే తుంపర్లుగా నీలి ద్రవంలో వేలాడుతూ పైకి వచ్చిందని దీంతో తేలిపోయింది. ఎక్స్‌ట్రాక్టెంట్‌ని, అంటే లోహాన్ని పట్టే ఆ ద్రవాన్ని, మార్చాల్సిన పని లేదు, తుంపర్లను కడగాలంతే. దించడానికి ముందు 2 లీటర్ల 6 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో ఒకసారి కడిగించాం. క్లోరైడ్ ఎక్కువ కాబట్టి కోబాల్ట్ చాలామటుకు దిగదు, నికెల్, కాల్షియం తుంపర్లు యాసిడ్‌లోకి పోతాయి. ఆ యాసిడ్ తిరిగి మొదటి ద్రావణంలో కలుస్తుంది. మూత ఉన్న పాత్రలో చేసే 2 లీటర్ల పని కాబట్టి పొగలకు చిన్న స్క్రబ్బర్ (పొగలను కడిగే పరికరం) సరిపోయింది.

రెండోది ఇంతకంటే మొండిది. నీలి ద్రవం బ్యాచ్‌కి బ్యాచ్‌కి ఆకుపచ్చగా మారుతూ వచ్చింది, కోబాల్ట్ దించేశాక కూడా పసుపు మిగిలింది. క్లోరైడ్‌లో మూడో స్థితి ఇనుము పసుపు, రాగి కూడా పసుపు, నీలంతో కలిస్తే ఆకుపచ్చ. కొంచెం ద్రవం తీసి అమ్మోనియా నీటితో కలిపితే ముదురు నీలం రాలేదు, కాబట్టి రాగి కాదు. ఇనుమే. కానీ కేక్ పరీక్షలో ఇనుము లేదు. అనుమానం ముందు యాసిడ్ మీదికి వెళ్లింది. కమర్షియల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ పసుపుగా ఉండేది ఇనుము వల్లే. అరలీటరు పాత అయానిక్ ద్రవంతో ఆ యాసిడ్‌ని ఒకసారి కలిపితే ఇనుము అందులోకి ఎక్కి యాసిడ్ తేటపడింది. పచ్చబడటం తగ్గింది గానీ ఆగలేదు.

చివరికి దొరికింది స్టిర్రర్ కడ్డీ. 316 స్టెయిన్‌లెస్ స్టీల్, పైకి మెరుస్తూనే ఉంది. ఫ్యాన్ రెక్క బిగించిన బుష్ ఊడదీస్తే దాని కింద సూది పొడిచినట్టు గుంటలు, చుట్టూ తుప్పు. 60 డిగ్రీల వేడి, 8 మోలార్ క్లోరైడ్, గాలి ఆడని సందు: స్టీల్‌కి ఇంతకంటే చెడ్డ చోటు ఉండదు. టెఫ్లాన్ తొడిగిన కడ్డీ, పాలీప్రొపిలీన్ రెక్క వేశాక పచ్చదనం పెరగడం ఆగింది. అప్పటికే ఎక్కిన ఇనుము వట్టి నీటికి సరిగా దిగదు. పలచటి యాసిడ్‌లో సోడియం సల్ఫైట్ వేసి, ఇనుముని రెండో స్థితికి దించి తీయాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోవాలి, సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. తర్వాత సల్ఫేట్ పోయేదాకా ఉప్పునీటితో కడగకపోతే మళ్లీ జిప్సమ్ తిప్పలే.

మూడోది కాలానికి సంబంధించింది. వరంగల్ వైపు మే నెల మధ్యాహ్నం షెడ్డు లోపలి వేడికి వేడినీళ్ల తొట్టి ఆపేసినా పొరలు విడిపోయేవి, కరెంటు మిగులుతుందని ఆపేసేవాళ్లు కూడా. డిసెంబరు పొద్దున అదే పని చేస్తే గంటలైనా విడిపోలేదు. అందులోనూ ఎక్స్‌ట్రాక్షన్ దగ్గర కాదు, దించే దగ్గర. ఎక్స్‌ట్రాక్షన్‌లో కింద ఉన్న ఉప్పునీటి సాంద్రత 1.32కి తగ్గదు, పైన అయానిక్ ద్రవం 0.88, తేడా బోలెడు. దించేటప్పుడు కింద ఉన్నది మామూలు నీళ్లు, తేడా 0.15 కూడా దాటదు. జిగట ఎంత ఉన్నా అక్కడే తగులుతుంది. దించే నీటిని 60 డిగ్రీలకు కాచి పోయడం, పాత్రకు థర్మాకోల్ చుట్టడం, థర్మామీటర్ 55 కంటే తక్కువ చూపిస్తే స్టిర్రర్ వేయకపోవడం నియమంగా పెట్టాం.

ఇప్పుడు ఎలా నడుస్తోంది

కోబాల్ట్ ఆక్సలేట్ విడిగా, నికెల్ హైడ్రాక్సైడ్ విడిగా పోతున్నాయి. రోజువారీ తనిఖీకి మూడు పరీక్షలు సరిపోతున్నాయి: కోబాల్ట్‌కి మ్యూరెక్సైడ్ సూచికతో ఈడీటీఏ టైట్రేషన్ (లోహం ఎంత ఉందో రంగు మారే దాకా ఈడీటీఏ ద్రావణం పోసి కొలవడం), దించిన నీటిలో నికెల్‌కి డైమిథైల్ గ్లయాక్సైమ్ చుక్క, ఖాళీ చేసిన అయానిక్ ద్రవం రంగుని తెల్ల కాగితం ముందు చూడటం. చుక్క పరీక్షలో కోబాల్ట్ గోధుమ రంగు ఇస్తుంది, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. ఎర్రటి అవక్షేపం వస్తేనే నికెల్. నెలకోసారి ఏఏఎస్ (కాంతిని పీల్చే తీరుతో లోహాల మోతాదు కొలిచే) పరీక్షకు బయటికి పంపుతారు. ఇంత గాఢమైన క్లోరైడ్‌లో పీహెచ్ మీటరు అంకెలు పక్కకి జరుగుతాయి కాబట్టి, నికెల్ దించేటప్పుడు మీటరు చూపే 8.5ని కాకుండా, వడకట్టిన చుక్కలో డైమిథైల్ గ్లయాక్సైమ్ ఎరుపు రాకపోవడాన్నే ముగింపుగా తీసుకుంటున్నారు. సున్నం అంతకు మించితే నికెల్ కేక్‌లో సున్నమే అమ్మాల్సి వస్తుంది.

'గ్రీన్' అన్న మాట గురించి యూనిట్ వాళ్లకు రాతపూర్వకంగా ఇచ్చిన సూచన ఒకటుంది. ఈ అమ్మోనియం లవణం ఆవిరి కాదు నిజమే, కానీ నీటి ప్రాణులకు విషం, చర్మాన్ని కాలుస్తుంది. నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా పాత్ర దగ్గరికి వెళ్లకూడదు. ఆక్సలేట్ వడకట్టాక మిగిలిన నీరు యాక్టివేటెడ్ కార్బన్ మీదుగా వెళ్లి, తిరిగి యాసిడ్ కలిపే నీటిలో కలవాలి తప్ప నాలాలోకి వెళ్లకూడదు. మన ఊళ్లలో నాలా వెళ్లేది చెరువులోకే.

ఇదే ఏర్పాటు ఇంకో యూనిట్‌కి పనికొస్తుందా అంటే సరుకుని బట్టి చెప్పాలి. మొబైల్ బ్యాటరీలే ఎక్కువైతే, కోబాల్ట్ ఎక్కువ, నికెల్ తక్కువ కాబట్టి బాగుంటుంది. ఈ-బైక్ సెల్స్ వచ్చే చోట నికెల్, మాంగనీస్ పెరిగి, పర్మాంగనేట్ ఖర్చు కోబాల్ట్ లాభాన్ని తినేస్తుంది. అక్కడ మాంగనీస్‌కి వేరే మార్గం చూశాకే ఈ మాట ఎత్తాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌లో కోబాల్టే ఉండదు, ఏరేటప్పుడే పక్కన పెట్టాలి. అవి పొరపాటున కలిస్తే ఇనుము, ఫాస్ఫేట్ రెండూ వచ్చి పీహెచ్ 5 దగ్గర జిగురు ముద్దలా దిగి ఫిల్టర్ ప్రెస్‌ని ఆపేస్తాయి.

లిథియం పని ఇంకా మిగిలే ఉంది. కేక్ కడిగిన నీళ్లు పలచన, సోడియం సల్ఫేట్ నిండా ఉన్నాయి. వాటిని ఎండలో, ప్లాస్టిక్ షీట్ పరిచిన తొట్టెల్లో చిక్కబరుస్తున్నారు. లిథియం లీటరుకు 10 గ్రాములు దాటాక వేడిగా సోడా యాష్ (సోడియం కార్బొనేట్) వేసి కార్బొనేట్‌గా దించి చూడాలి. చల్లారితే సోడియం సల్ఫేట్ ముందు గడ్డకడుతుంది కాబట్టి, చలికాలం రాత్రులు దాన్ని తొట్టెల్లోనే దిగనిచ్చి, పొద్దున పైనీటిని వంపుకుంటున్నారు.